ముదిరిన చర్మ క్యాన్సర్: మనకు తగిన వైద్యం

(రాయ్‌పూర్‌లోని తెలుగువారి సభలో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసానికి నిధి ఇచ్చిన కుటుంబం నన్ను రెండే కోరింది. తమ అమ్మగారి పేరు ఎక్కడా చెప్పవద్దన్నారు. ఆమెను తీసుకుపోయిన జబ్బు గురించి డాక్టర్లకు కాకుండా, ఇంట్లో రోగిని పెట్టుకుని ఎటు వెళ్లాలో తోచనివాళ్లకు చెప్పమన్నారు. ఆ మాట మీదే నిలబడతాను.

చర్మ క్యాన్సర్ అనగానే అది తెల్లవాళ్ల జబ్బు కదా అంటారు మనవాళ్లు. అందులో కొంత నిజం లేకపోలేదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. అందుకే ఈ జబ్బు ఆస్ట్రేలియాలో అంత ఎక్కువ, మన దగ్గర ఇంత తక్కువ. అయితే తక్కువన్న ఆ నమ్మకమే మన కొంప ముంచుతోంది. రోగికి అనుమానం రాదు, చూసినవాళ్లకూ తట్టదు. ఆస్పత్రి గడప తొక్కేసరికి గజ్జల్లో బిళ్ళ కట్టి ఉంటుంది, లేదంటే పుండు ఎముక దాకా దిగి ఉంటుంది. అక్కడి నుంచి ఏం చేయగలం అన్నదే ఈరోజు నా విషయం.

నేను చెప్పదలచింది ఒక్కటే. గత పదిహేనేళ్లలో ముదిరిన చర్మ క్యాన్సర్‌కు మంచి మందులు వచ్చాయి. అవి చాలావరకు ఎండకు కమిలిన తెల్లచర్మం మీద పుట్టిన జబ్బులో పరీక్షించి చూసినవి. మన జబ్బు వేరే చోట, వేరే కారణంతో పుడుతుంది. మన చేతిలో ఉండే డబ్బు కూడా వేరు. ఆ మందులను మన రోగికి తగినట్టు మలచుకునే పని మనదే, ఇంకెవరూ చేసిపెట్టరు.

ముందు ఎక్కడ పుడుతుందో చూద్దాం.

మొదటిది పాత కాలిన మచ్చ. చిన్నప్పుడు పొయ్యిలోనో, ఇక్కడి పల్లెల్లో చలికాలం వెలిగించే మట్టి కుంపటి గోర్సీలోనో కాలు పడుతుంది. పుండు మానుతుంది, చర్మం ముడుచుకుని బిగుసుకుపోతుంది. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ మచ్చ మధ్యలో పగులు పడుతుంది. పసుపు పెడతారు, ఆకుపసరు కడతారు, మానదు. అంచులు గట్టిపడి పైకి లేస్తాయి, తాకితే రక్తం. 1828లో ఫ్రెంచ్ సర్జన్ జాఁ-నికొలా మార్జొలిన్ పాత మచ్చల్లో లేచే ఇలాంటి పుండ్ల గురించి రాశాడు. నేటికీ ఆయన పేరుతోనే మార్జొలిన్ అల్సర్ అంటున్నాం. ఇది స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే చర్మం పైపొర కణాల క్యాన్సర్. కాశ్మీర్‌లో పొట్టకు ఆనించుకునే కాంగ్రీ కుంపటి వల్ల వచ్చేది కూడా ఇదే రకం. నడుము చుట్టూ ధోవతి, లంగా బొందు ఏళ్ల తరబడి ఒకేచోట ఒరుసుకుని పుండై, ఆ పుండు క్యాన్సరైన రోగుల గురించి మన దేశపు డాక్టర్లు వైద్య పత్రికల్లో రాశారు. వీటిలో దేనికీ ఎండతో పని లేదు.

రెండోది నీళ్లు. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది మన గుమ్మంలోనే ఉంది. రాయ్‌పూర్ నుంచి దుర్గ్, రాజ్‌నాంద్‌గావ్ దాటి వెళితే అంబాగఢ్ చౌకీ వస్తుంది. 2022 సెప్టెంబరు దాకా అది రాజ్‌నాంద్‌గావ్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు మోహ్లా-మాన్‌పూర్-అంబాగఢ్ చౌకీ జిల్లా. ఆ ప్రాంతంలో కౌడీకసా అనే ఊరుంది. అక్కడి బావుల్లో, బోరింగుల్లో ఆర్సెనిక్ ఉందనీ, దాన్ని తాగినవాళ్ల అరచేతులు, అరికాళ్లు గరుకుగా బొడిపెలు కడుతున్నాయనీ 1999లో దీపాంకర్ చక్రవర్తి బృందం కరెంట్ సైన్స్ పత్రికలో రాసింది. బెంగాల్‌లో ఈ విషం గంగ తెచ్చి పరిచిన ఒండ్రుమట్టిలో ఉంటుంది. కలకత్తా చర్మవైద్యుడు కె.సి. సాహా 1980ల తొలినాళ్లలో దాన్ని రోగుల ఒంటి మీద గుర్తుపట్టారు. కౌడీకసాలో ఒండ్రు లేదు. అక్కడ ఆర్సెనిక్ డొంగర్‌గఢ్ ప్రాంతపు పాత అగ్నిపర్వత శిలల్లోనే ఉంది, ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లలోకి దిగుతోంది. తాగేనీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అక్కడి కొన్ని బావుల్లో అంతకు పదుల రెట్లు తేలింది.

ఆర్సెనిక్ తాగిన చర్మాన్ని ఒకసారి దగ్గరగా చూస్తే ఇంక మరచిపోరు. ఛాతీ మీద, వీపు మీద దుమ్ములో వాన చినుకులు పడ్డట్టు నల్లని, తెల్లని చుక్కలు. అరచేతిని పట్టుకుంటే ఆవగింజంత బొడిపెలు వేలికి తగులుతాయి. రైతు కూలీ చేతులు కదా, కాయలు కాశాయనుకుంటారు. కాయలు పనిముట్టు ఒరుసుకునే చోటే కాస్తాయి, ఇవి అరచేయంతా ఉంటాయి. ఏళ్లు గడిచాక ఒంటి మీద అక్కడక్కడ ఎర్రని పొలుసుల మచ్చలు లేస్తాయి. వాటిని బోవెన్స్ డిసీజ్ అంటాం, అంటే ఇంకా లోపలికి దిగని క్యాన్సర్. ఆ దశలో క్రీముతోనో, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించో, చిన్న కోతతోనో పోతుంది. వదిలేస్తే దిగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రోగికి ఒక క్యాన్సర్ తీసేశాక ఇంకోచోట ఇంకొకటి లేవవచ్చు, ఎందుకంటే విషం ఒంటి నిండా పని చేసింది. నీళ్లు మార్చినా పదేళ్లకో ఇరవయ్యేళ్లకో లేవవచ్చు. అందుకే కౌడీకసా వైపు నుంచి వచ్చిన రోగిని పుండు ఉన్నచోట మాత్రమే చూసి పంపకూడదు. తల నుంచి అరికాలి దాకా చూడాలి, ప్రతి ఆరు నెలలకూ రమ్మనాలి. చేతిపంపు నీళ్లు మాని నది నీళ్లు శుద్ధి చేసి ఇవ్వడమే అక్కడి అసలు మందు. ఆ మందు ఆస్పత్రిలో దొరికేది కాదు.

ఇక స్క్వామస్ సెల్ క్యాన్సర్ ముదిరితే ఏం చేస్తాం? నేటికీ మొదటి ఆయుధం కత్తే. పుండు చుట్టూ బాగున్న చర్మం కూడా కొంత కలిపి తీయాలి, గజ్జల్లోనో చంకలోనో బిళ్ళలుంటే అవి కూడా తీయాలి, తొడ చర్మం తెచ్చి అతకాలి. ఎముక దాకా దిగితే కాలు తీయాల్సి రావచ్చు. ఆ మాట చెప్పినప్పుడు రోగి ముఖం చూడటం కష్టం. మళ్లీ రాకుండా రేడియేషన్ ఇస్తాం. ఇక్కడ సికాయీ అంటారు, మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు. రక్తంలో కలిసి పాకితే సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులుండేవి, కొన్నాళ్లు తగ్గేది, మళ్లీ వచ్చేది.

2018లో ఇక్కడ ఒక కొత్త దారి తెరుచుకుంది. కత్తికి, రేడియేషన్‌కూ లొంగని స్క్వామస్ చర్మ క్యాన్సర్‌కు సెమిప్లిమాబ్ అనే మందును అమెరికా ఆమోదించింది. సుమారు సగం మందిలో గడ్డ గణనీయంగా కరిగింది. 2022లో వచ్చిన ఇంకో అధ్యయనం సర్జన్లకే ఆశ్చర్యం కలిగించింది. ఆపరేషన్ చేయాల్సిన 79 మందికి ముందుగా ఈ మందు నాలుగు డోసుల దాకా ఇచ్చారు. తర్వాత ఆపరేషన్ చేసి, తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తే 51 శాతం మందిలో ఒక్క క్యాన్సర్ కణమూ కనిపించలేదు. ముక్కో, కన్నో, కాలో తీయకుండా మిగిల్చే అవకాశం ఇది. పెంబ్రోలిజుమాబ్ కూడా ఇదే కుటుంబానికి చెందిన మందు. అయితే ఈ అధ్యయనాల్లో ఎక్కువమంది ఎండకు దెబ్బతిన్న తల, మెడ చర్మం ఉన్న వృద్ధులు. కాలిన మచ్చలో, ఆర్సెనిక్ చర్మంలో పుట్టిన క్యాన్సర్ కూడా ఇలాగే కరుగుతుందా అన్న ప్రశ్నకు జవాబు రాయ్‌పూర్‌లో, పట్నాలో, కలకత్తాలో దొరకాలి. అమెరికాలో దొరకదు.

బేసల్ సెల్ క్యాన్సర్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అది నెమ్మదైనది, దూరంగా పాకడం అరుదు, ఉన్నచోటే తొలుచుకుపోతుంది. ఆపరేషన్‌తో చాలావరకు నయమవుతుంది. ఆపరేషన్‌కు వీల్లేని స్థితిలో 2012 నుంచి విస్మోడెగిబ్ అనే మాత్ర ఉంది. కండరాలు పట్టేస్తాయి, రుచి పోతుంది, జుట్టు రాలుతుంది. గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి వయసులో ఉన్నవారికి ఇచ్చేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి.

ఇప్పుడు మెలనోమా. రంగు కణాల క్యాన్సర్. చర్మ క్యాన్సర్లలో ప్రాణం తీసేది ఎక్కువగా ఇదే. తెల్లవాళ్లలో ఇది వీపు మీద, పిక్కల మీద, ఎండ తగిలే చోట వస్తుంది. మనకు అరికాలిలో, మడమ మీద, గోరు కింద, అరచేతిలో వస్తుంది. వీటిని ఏక్రల్ మెలనోమా అంటాం. నోట్లో, మలద్వారంలో, స్త్రీలకు జననాంగంలో కూడా రావచ్చు.

ఎవరి జ్ఞాపకార్థం మనమిక్కడ కూర్చున్నామో ఆమెది అరికాలే. పార్వతీపురం వైపు నుంచి పెళ్లయి వచ్చి, ఈ ఊళ్లో రైల్వే వ్యాగన్ రిపేర్ షాపు కాలనీలో కాపురముండి, పిల్లలను పెంచి పెద్దచేసిన మనిషి. అరికాలిలో నల్లని మచ్చ లేచింది. ఆనికాయ అనుకున్నారు. గోళ్లు తీసే అతను బ్లేడుతో చెక్కాడు, మళ్లీ పెరిగింది. ఆసిడ్ పట్టీ వేశారు, మళ్లీ పెరిగింది. కాలికి అవసరం కదా అని చెప్పులు మెత్తనివి కొన్నారు. గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు వాచాక ముక్క పరీక్ష జరిగింది. అది 2009. అప్పుడు డాక్టర్ల చేతిలో ఉన్నది డకార్బజిన్. 1975 నుంచి అదే ముందు వరుస మందు. పదిమందిలో ఒకరిద్దరికి గడ్డ తగ్గేది, ఆ తగ్గుదలా కొద్ది నెలలే. పాకిన మెలనోమాతో ఏడాది దాటడం అప్పట్లో చాలామందికి సాధ్యం కాలేదు. ఆమెకూ కాలేదు.

ప్రపంచమంతటికీ తెలిసిన గాయకుడు బాబ్ మార్లీ కూడా ఈ రకం మెలనోమాతోనే పోయాడు. కాలి బొటనవేలి గోరు కింద 1977లో తేలింది. వేలు తీసేయాలన్న సలహాను ఆయన అంగీకరించలేదు. 1981 మే 11న, 36 ఏళ్ల వయసులో, మయామిలో కన్నుమూశాడు. నల్లని చర్మం ఉన్నవాడికి మెలనోమా రాదనే మాట ఎంత తప్పో చెప్పడానికి ఆయన కథ చాలు.

2011లో తలుపు తెరుచుకుంది. ఎలా తెరుచుకుందో చెప్పాలి. మన రక్తంలోని టీ-కణాలు క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపగలవు. కానీ అవి విచ్చలవిడిగా మన సొంత ఒంటి మీదే పడకుండా గుర్రానికి కళ్లెం వేసినట్టు ప్రకృతి వాటికి కళ్లేలు వేసింది. సీటీఎల్‌ఏ-4 ఒక కళ్లెం, పీడీ-1 ఇంకోటి. క్యాన్సర్ కణం ఈ రెండో కళ్లేన్ని తానే పట్టుకుని లాగుతుంది. మొదటి కళ్లెం సడలిస్తే టీ-కణమే పని చేసుకుపోతుందని అమెరికాలో జేమ్స్ ఆలిసన్ చూపించారు, జపాన్‌లో తసుకు హోంజో పీడీ-1ను కనుగొని ఇంకో దారి తెరిచారు. ఇద్దరికీ 2018లో నోబెల్ వచ్చింది. ఈ కళ్లేలు సడలించే మందుల్లో 2011 మార్చిలో ఇపిలిముమాబ్, 2014 సెప్టెంబరులో పెంబ్రోలిజుమాబ్, అదే డిసెంబరులో నివోలుమాబ్ మెలనోమాకు అమెరికాలో ఆమోదం పొందాయి.

ఫలితం ఎంతో చెప్పడానికి ఒకే అధ్యయనం తీసుకుంటాను. పాకిన మెలనోమా ఉన్న 945 మందిని మూడు వరుసలుగా విడదీసి, పదేళ్లు వెంటాడి చూసి 2024లో ప్రకటించారు. ఇపిలిముమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో పదేళ్లకు బతికున్నవారు 19 శాతం. నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో 37 శాతం. రెండూ కలిపి తీసుకున్నవారిలో 43 శాతం. డకార్బజిన్ రోజుల్లో పని చేసినవాళ్లకు ఈ అంకెలు చదువుతుంటే కళ్లు చెమర్చుతాయి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో మెలనోమా కాలేయానికీ మెదడుకూ పాకింది. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్లు. ఆపరేషన్, రేడియేషన్, పెంబ్రోలిజుమాబ్ అందాయి. 2024 డిసెంబరులో, నూరేళ్లు నిండాక, వెళ్లిపోయారు.

ఇక్కడే నేను మిమ్మల్ని జాగ్రత్తగా వినమని అడుగుతాను. ఈ అంకెలను అరికాలి మెలనోమాకు యథాతథంగా వర్తింపజేయకూడదు. ఎండ వల్ల పుట్టిన మెలనోమాలో జన్యువులు వేలచోట్ల చెడిపోయి ఉంటాయి. అన్ని చెడిపోయిన గుర్తులున్న కణం టీ-కణానికి సులభంగా దొరికిపోతుంది. అరికాలికి ఎండ తగలదు కాబట్టి అక్కడ పుట్టిన మెలనోమాలో ఆ గుర్తులు తక్కువ, మందుకు స్పందించేవాళ్లూ తక్కువ. పనిచేయదని కాదు. పనిచేస్తుంది, కొందరికి ఏళ్లు ఇస్తుంది. అయితే ఎవరికి చేస్తుందో ముందే చెప్పడం కష్టం. ఇల్లు అమ్మి మందు కొనబోయే కుటుంబానికి ఈ తేడా చెప్పకపోవడం అన్యాయం.

ఇంకో దారి మాత్రలది. తెల్లవాళ్ల మెలనోమాల్లో దాదాపు సగానికి బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. దానికి డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే మాత్రలు జంటగా ఇస్తారు. గడ్డ వారాల్లోనే తగ్గుతుంది, ఊపిరాడక మంచాన పడ్డవాడు లేచి నడుస్తాడు. చాలామందిలో మళ్లీ వస్తుంది, అయినా ఐదేళ్లకు మూడింట ఒకరు బతికే ఉన్నారు. అరికాలి రకంలో బీరాఫ్ మార్పు చాలా తక్కువ మందికే ఉంటుంది. కొందరికి కిట్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. ఉంటే ఇమాటినిబ్ పనిచేయవచ్చు. ఇది రక్త క్యాన్సర్‌కు వాడే పాత మందే, మన దేశంలో జెనరిక్ దొరుకుతుంది. అందుకే అరికాలి మెలనోమా పాకిన ప్రతి రోగికీ బీరాఫ్, కిట్ పరీక్షలు రెండూ చేయించాలని నా గట్టి అభిప్రాయం. బీరాఫ్ ఒక్కటే చేసి ఆపేయడం మన రోగికి సగం వైద్యమే.

బిళ్ళలకు పాకినా ఆపరేషన్‌కు వీలున్న మెలనోమాలో కూడా ఇప్పుడు పద్ధతి మారుతోంది. ముందు ఆపరేషన్, తర్వాత మందు అన్నది పాత వరుస. ముందు మూడు డోసులు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తే రెండేళ్ల దాకా జబ్బు తిరగబెట్టనివారు 49 నుంచి 72 శాతానికి పెరిగారని 2023లో ఒక అధ్యయనం తేల్చింది. గడ్డ ఒంట్లో ఉండగానే మందిస్తే టీ-కణాలు దాన్ని చూసి నేర్చుకుంటాయి. అదే మందు, అదే కత్తి, వరుస మాత్రమే వేరు. దీనికి అదనంగా ఒక్క రూపాయీ అక్కర్లేదు, సర్జనూ మందుల డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే చాలు.

డబ్బు మాట వచ్చింది కనుక దాన్నే తీసుకుంటాను. నివోలుమాబ్ మామూలు డోసు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. ఏళ్ల తరబడి ఆ లెక్కన కొనడం ఈ సభలో ఉన్న చాలా కుటుంబాల వల్ల కాదు. ముంబయి టాటా మెమోరియల్‌లో విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం దీనికి ఎదురు నిలిచింది. తల, మెడ క్యాన్సర్ ముదిరినవారికి మూడు వారాలకు కేవలం 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చి చూశారు. అంటే మామూలు డోసులో సుమారు 18వ వంతు. దానితో పాటు మూడు మాత్రలు: మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్. మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో ఏడాదికి బతికున్నవారు 16 శాతం, నివోలుమాబ్ కలిపినవారిలో 43 శాతం. ఇది 2023లో ప్రచురితమైంది. అది చర్మ క్యాన్సర్ కాదు, ఆ అంకెలను అరువు తెచ్చుకోను. కానీ ఖరీదైన మందును మన రోగికి తగినట్టు మనమే పరీక్షించి చూసుకోవచ్చని అది నిరూపించింది. మన చుట్ట కాల్చే ఆడవాళ్లలో, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఉత్తరాంధ్ర అమ్మలలో అంగిట్లో వచ్చే క్యాన్సర్ కూడా స్క్వామస్ రకమే అని ఇక్కడ గుర్తు చేస్తాను. ఈ కాలనీల్లో ఆ అలవాటుతో వచ్చినవాళ్లున్నారు.

ఆ మూడు మాత్రల్లో మొదటిదాని వెనక మనవాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లిన ఎల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ ఆసిడ్‌కు విరుగుడుగా అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది. ఆయన పంపిన మందుతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌కు మందు ఉందని తొలిసారి చూపించారు. అదే ఏడాది సుబ్బారావు చనిపోయారు. ఆయన మందు ఇప్పుడు మాత్రకు కొద్ది రూపాయలు. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి: కీళ్లకైనా సోరియాసిస్‌కైనా, ఇప్పుడు చెప్పిన క్యాన్సర్ పద్ధతిలోనైనా మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ మింగి నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లను చూశాను. చీటీ మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో తెలుగులోనో హిందీలోనో రాయించుకోండి.

కొత్త మందులకూ ప్రమాదాలున్నాయి, అవి కీమో ప్రమాదాల్లాంటివి కావు. కళ్లెం సడలించిన టీ-కణం పేగు మీద పడవచ్చు, థైరాయిడ్ మీద, కాలేయం మీద, ఊపిరితిత్తుల మీద పడవచ్చు. నేను ఎక్కువగా భయపడేది విరేచనాలకు. రోగి సూది వేయించుకుని బస్తర్‌కో, బలరాంపూర్‌కో వెళతాడు. నెల తర్వాత రోజుకు ఆరేడుసార్లు నీళ్ల విరేచనాలు. ఊళ్లో మందుల షాపులో ఆపే మాత్ర, యాంటిబయాటిక్ ఇస్తారు. అది కలుషిత ఆహారం వల్ల వచ్చింది కాదు, పేగు వాచింది. కావలసింది స్టెరాయిడ్, అదీ త్వరగా. రెండు రోజులు ఆలస్యమైతే పేగుకు చిల్లు పడవచ్చు. అందుకే ఈ మందు తీసుకున్న ప్రతి రోగి జేబులో మందు పేరు, చివరి సూది తేదీ, ఆస్పత్రి ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి. ఆయాసం, కళ్లు పచ్చబడటం, విపరీతమైన నీరసం వచ్చినా ఇదే మాట. మందు మానేసి చాలా నెలలైనా ఈ ఇబ్బంది రావచ్చు.

మందులేవీ పని చేయని రోగులుంటారు. వాళ్లకు వైద్యం లేదనడం అబద్ధం. చర్మ క్యాన్సర్ బయటికి కనబడే జబ్బు. పుండు పగిలి, చీము కారి, వాసన వస్తుంది. ఆ వాసన వల్ల మనవళ్లు దగ్గరికి రారు, కోడలు కంచం గుమ్మం దగ్గర పెట్టి వెళుతుంది. రోగి చావుకంటే ముందు ఆ అవమానానికే చచ్చిపోతాడు. వాసనకు మందుంది. మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడి చేసి, ఉప్పునీళ్లతో కడిగిన పుండు మీద చల్లి, శుభ్రమైన గాజుగుడ్డ కప్పి కట్టు కడితే చాలామందికి కొద్ది రోజుల్లోనే వాసన తగ్గుతుంది. కట్టు విప్పేటప్పుడు గుడ్డ అంటుకుంటే లాగకూడదు, ఉప్పునీళ్లు పోసి నానబెట్టి తీయాలి, లేకపోతే రక్తం వస్తుంది. పురుగు పడితే భయపడకుండా ఆస్పత్రికి తీసుకురావాలి, అది శుభ్రం చేయగలిగిందే. రక్తం ఆగకపోతే రేడియేషన్ తక్కువ డోసుల్లో ఇచ్చి ఆపవచ్చు. నొప్పికి మార్ఫిన్ ఉంది. మార్ఫిన్ సులభంగా దొరకాలని 2014లో పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టాన్నే సవరించింది. డాక్టరు చెప్పిన లెక్కలో వాడితే క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ అలవాటైపోతుందన్న భయం అక్కర్లేదు. మలబద్ధకానికి మాత్రం మొదటి రోజు నుంచే మందు కలిపి ఇవ్వాలి.

ఇక ఎక్కడికి వెళ్లాలి అన్న ప్రశ్న. రాయ్‌పూర్‌లో మనం మేకాహారా అని పిలుచుకునే అంబేద్కర్ ఆస్పత్రి ఆవరణలో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం ఉంది. టాటీబంధ్‌లో ఎయిమ్స్ ఉంది. నయా రాయ్‌పూర్‌లో బాల్కో మెడికల్ సెంటర్ ఉంది. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాయగడ, విజయనగరం మీదుగా అక్కడికి చేరవచ్చు, అత్తవారో పుట్టింటివారో ఆ వైపు ఉన్నవారికి అదే వీలు. ఆయుష్మాన్ కార్డుకు కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అందుతుంది. 70 ఏళ్లు నిండినవారికి 2024 నుంచి ఆదాయంతో పని లేదు. దానికి మించిన ఖర్చుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ విశేష్ స్వాస్థ్య సహాయతా యోజన 2020లో మొదలైనప్పుడు గరిష్ఠంగా 20 లక్షల దాకా ఇచ్చేలా పెట్టారు. ఏ మందు ఏ ప్యాకేజీలో వస్తుందో వైద్యం మొదలుపెట్టక ముందే ఆయుష్మాన్ కౌంటర్‌లో అడిగి తెలుసుకోండి. అప్పు చేశాక అడిగితే ఉపయోగం లేదు.

కత్తి తగిలితే పాకుతుందని ముక్క పరీక్షకు ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు. తీయకపోతే అది స్క్వామసో మెలనోమానో తెలియదు, తెలియకుండా నేనింతసేపు చెప్పిన మందుల్లో ఒక్కటీ ఇవ్వలేం. తీసిన ముక్కను ల్యాబులో మైనంలో పోసి గట్టిపరుస్తారు. దాన్ని బ్లాకు అంటారు. రెండు వేళ్ల మధ్య పట్టుకునేంత చిన్న ప్లాస్టిక్ పెట్టెలో తెల్లటి మైనం, దాని మధ్యలో కందిగింజంత కండ. బీరాఫ్, కిట్ పరీక్షలు చేసేది దాని మీదే. ఎన్నో ఏళ్లు చెడదు. రిపోర్టు కాగితం తెచ్చి బ్లాకు తేని రోగులు రోజూ వస్తారు. వాళ్లను మళ్లీ కోయాల్సి వస్తుంది, లేదా పరీక్షే ఆగిపోతుంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వైద్యానికి వెళ్లేటప్పుడు ల్యాబును అడిగి బ్లాకు, స్లైడ్లు తీసుకోండి. అడిగితే ఇస్తారు.

ఈ నిధి మీద వచ్చే వడ్డీని ఏటా ఒక ఉపన్యాసానికి ఖర్చు పెట్టాలన్నది ఆ కుటుంబం మొదట అనుకున్నది. సభకు వచ్చే ముందు వాళ్లతో మాట్లాడాను. ఉపన్యాసానికి పెద్ద ఖర్చుండదు, హాలు ఉచితంగానే వచ్చింది. మిగిలిన సొమ్ముతో ఛత్తీస్‌గఢ్‌లో, ఉత్తరాంధ్ర జిల్లాల్లో అరికాలి మెలనోమా తేలిన పేద రోగులకు బీరాఫ్, కిట్ పరీక్షలు చేయించడానికి, ఆ ఫలితాలను ఒకచోట రాసి పెట్టడానికి ఒప్పుకున్నారు. మన రోగుల్లో ఎవరికి ఏ మార్పు ఉంది, ఎవరికి ఏ మందు ఎంత డోసులో పని చేసింది అన్న లెక్క ఇలా ఒక్కో బ్లాకుతో మొదలవుతుంది. రోగి బంధువులు ఈ సభలో ఉంటే, బ్లాకు ఏ ల్యాబులో ఉందో కనుక్కుని, హాలు బయట కూర్చున్న మా విద్యార్థుల దగ్గర పేరు రాయించండి.